సినిమాలో లాగా నాలుగు రోజుల్లో పాట పుడుతుందా? ఆగిపోయినవాళ్ళకి మళ్ళీ ఛాన్స్ వస్తుందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ‘మ్యూజిక్ అండ్ లిరిక్స్’ సినిమా ఈమధ్యే చూశారు. అందులో ఒకరికొకరు కొత్తవాళ్ళైన ఇద్దరు ఒక గదిలో కూర్చుని, వారం తిరక్కుండా ఒక హిట్ పాట తయారుచేస్తారు. అది నిజంగా జరిగే పనేనా? ఎప్పుడో వెలిగి ఆరిపోయినవాడికి నలభై దాటాక మళ్ళీ అవకాశం రావడం సినిమా కోసం అల్లిందా, బయట కూడా ఉందా? దాని వెనకాల ఇంకో చిన్న ప్రశ్న కూడా పెట్టారు. కాలేజీ రోజుల్లో ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవారు, ఉద్యోగంలో పడి వదిలేశారు. మీ ఫ్రెండ్ ఒకాయన కవిత్వం రాస్తారు. ఇద్దరూ కలిసి పాటలు చేయాలనుకుంటున్నారు, నలభై వచ్చాక ఇప్పుడు మొదలుపెడితే నవ్వుతారేమో అని అనుమానం. ఆయన ఇప్పటికే రాసిన కవితల్ని ఏం చేయాలని అడిగారు, కలిసి పాట రాస్తే ప్రేమ పుడుతుందా అని సరదాకి ఇంకోటి కూడా అడిగారు.

నేను పాటలు రాస్తాను. అంతకుముందు కొన్నేళ్ళు కీబోర్డు వాయించాను. అంటే హార్మోనియం పెట్టెకి ఇవతలా అవతలా కూర్చున్నవాణ్ణే. అందుకని కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. పాట నాలుగు రోజుల్లో పుడుతుంది. ఒక్కోసారి సగం రోజు చాలు. ఆ విషయంలో సినిమా అబద్ధం చెప్పలేదు. ఛాన్స్ కూడా వస్తుంది. అయితే మీరు ఎక్కడ ఆగిపోయారో అక్కడికి రాదు. ఇంకొకరి పని ఎక్కడో ఇరుక్కుపోయి, దాన్ని కదిలించగలిగిన మనిషి మీరే అయితే, అక్కడికి వస్తుంది. ఆ సినిమాలో నాకు అన్నిటికంటే నిజం అనిపించింది ఆ ముక్కే, కామెడీలో పడి చాలామంది దాన్ని పట్టించుకోరు.

సినిమా చూడనివాళ్ళ కోసం కథ రెండు మాటల్లో. 2007లో వచ్చింది, రాసి తీసింది మార్క్ లారెన్స్. హ్యూ గ్రాంట్ వేసిన అలెక్స్ ఫ్లెచర్ ఎనభైల్లో ‘పాప్’ అనే బ్యాండులో ఒక వెలుగు వెలిగినవాడు. జతగాడు విడిపోయి పెద్ద స్టార్ అయ్యాడు. ఇతనేమో అమ్యూజ్‌మెంట్ పార్కుల్లో, పాత బ్యాచ్‌ల గెట్ టుగెదర్లలో అవే పాటలు పాడుతూ, అవే స్టెప్పులు వేస్తూ రోజులు నెట్టుకొస్తున్నాడు. టీవీ షో ఒకటి వస్తే ఆశపడతాడు. తీరా చూస్తే అక్కడ మాజీ స్టార్లు బాక్సింగ్ రింగులో ఒకళ్ళనొకళ్ళు కొట్టుకోవాలి. అలాంటి టైంలో కోరా అనే కుర్ర పాప్ స్టార్ తనకొక పాట కావాలని కబురు పెడుతుంది. అతనికి ట్యూన్ వస్తుంది, మాట రాదు. మొక్కలకి నీళ్ళు పోయడానికి వచ్చిన సోఫీ (డ్రూ బారీమోర్) పని చేసుకుంటూ చేసుకుంటూ అలవోకగా ఒక లైను అనేస్తుంది. అది కాస్తా ట్యూన్ మీద కూర్చుంటుంది. తర్వాత కథ మీరు ఊహించుకోగలరు.

ఇంత తొందరగా ఎలా అవుతుంది?

చంద్రబోస్ గారు ‘నాటు నాటు’ గురించి చాలా ఇంటర్వ్యూల్లో చెప్పిన మాట గుర్తుందా? తొంభై శాతం పాట సగం రోజులో రాసేశారట. మిగతా పది శాతానికి పట్టింది 19 నెలలు. 2023లో ఆస్కార్ తెచ్చిన పాట కథ ఇది. మా పనిలో ఉన్నవాళ్ళెవరికీ ఇది వింతగా అనిపించలేదు. పాటలో పెద్ద భాగం ఒక్క ఊపులో వస్తుంది. ఆ తర్వాత ఒక మాట దగ్గర, ఒక ముగింపు దగ్గర, చరణం నుంచి పల్లవికి తిరిగొచ్చే మలుపు దగ్గర ఆగిపోతాం. అక్కడే నెలలు పోతాయి. సినిమా ఆ మొదటి సగం రోజుని చక్కగా చూపించి, 19 నెలల్ని ఎగ్గొట్టేసింది. రెండు గంటల కామెడీలో అది న్యాయమే లెండి.

ఇంకో కారణం కూడా ఉంది. కోరా వాళ్ళకి పాట పేరు ముందే ఇచ్చేసింది. ప్రేమలోకి మళ్ళీ దారి వెతుక్కోవడం గురించి పాట కావాలంది. మా భాషలో చెప్పాలంటే సందర్భం చెప్పి, హుక్ లైన్ (వినగానే పట్టేసే లైను) చేతిలో పెట్టింది. సగం పని అక్కడే అయిపోయింది. సిట్టింగ్‌లో, అంటే పాట కోసం అందరం కలిసి కూర్చున్నప్పుడు, సందర్భం సరిగ్గా దొరక్కపోతే నాలుగు రోజులు కాదు, నాలుగు నెలలైనా పల్లవి కదలదు.

ఒక చిన్న సినిమాకి రాస్తున్నప్పటి సంగతి. దర్శకుడు కుర్రవాడు, తెలివైనవాడు. “సార్, హీరో హీరోయిన్ విడిపోయారు, బాధగా ఉండాలి” అన్నాడు. బాధ అంటే ఏమని రాస్తాం? గుండె, కన్నీరు, మౌనం, చీకటి అని అందరూ రాసినవే వస్తాయి. రాసినవన్నీ అలాగే ఉన్నాయి. ఇలా కాదని అతన్నే అడిగాను: “విడిపోయి ఎన్నాళ్ళైంది? ఆ అమ్మాయి నంబర్ ఇతని ఫోన్‌లో ఇంకా ఉందా?” అతను కాసేపు ఆలోచించి, “ఉంది సార్. ఫోన్ చేయడు కానీ రోజూ డీపీ మారిందేమో అని చూస్తాడు” అన్నాడు. స్క్రిప్టులో లేదది, అప్పటికప్పుడు అతనికి తట్టింది. ఆ రాత్రే పల్లవి వచ్చేసింది. పాటలో డీపీ అనే మాట లేదు, ఫోన్ కూడా లేదు. అయినా ఆ ఒక్క విషయం తెలియకపోతే ఆ పాట లేదు.

మీరూ మీ ఫ్రెండూ కూర్చున్నప్పుడు మొదట చేయాల్సింది ఇదే. ‘ప్రేమ మీద’ అనో ‘అమ్మ మీద’ అనో పాట మొదలుపెట్టకండి. ఎవరు, ఎవరితో, ఏ పూట, ఏం జరిగాక పాడుతున్నారు? అది తేలితే చాలు.

ట్యూన్ ముందా, మాట ముందా?

ఇది మీరు అడగలేదు కానీ మొదటి రోజే మీ ఇద్దరికీ గొడవ వచ్చేది ఇక్కడే. మీ ఫ్రెండ్ కవి కదా, “నేను రాసింది ట్యూన్ చెయ్యి” అంటారు. మీరు కీబోర్డు మనిషి, “ట్యూన్ ఇస్తాను, రాయి” అంటారు.

మన తెలుగు సినిమాల్లో ఎక్కువగా ట్యూనే ముందు వస్తుంది. సంగీత దర్శకుడు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడతాడు, అందులో ‘తానన తాననా’ అని గానీ, అర్థంలేని డమ్మీ మాటలతో గానీ పాడి ఉంటుంది. దాని మీద మేం రాస్తాం. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. బీటిల్స్ వాళ్ళ ‘యెస్టర్‌డే’ పాటకి అసలు మాటలు దొరికేదాకా పాల్ మెకార్ట్‌నీ కోడిగుడ్డు పొరటు మీద డమ్మీ లైను పాడుకున్నాడు.

ఆ సినిమాలో అలెక్స్ చేసేదీ అదే, పియానో దగ్గర కూర్చుని ముక్క వాయిస్తాడు, ఆమె మాట అందిస్తుంది. మొదట ఒక ప్రొఫెషనల్ రచయితని పిలిపిస్తారు. అతనివి చీకటి చీకటి మాటలు, ట్యూన్ ఒక దారి అతనొక దారి. సోఫీ మాటలు మాత్రం కూర్చుంటాయి. ఎందుకంటే ఆమె రాయట్లేదు, మాట్లాడుతోంది. నోటికి అలవాటైన వరుసలో వచ్చిన మాట ట్యూన్‌లో సులువుగా ఇమిడిపోతుంది.

ఇది తెలుగులో ఎలా ఉంటుందో చిన్న ఉదాహరణ చూపిస్తాను. ట్యూన్ ముక్క ఇలా ఉందనుకోండి:

తానన తానన తాననా

దీని మీద “నిన్నటి నవ్వులు దాచినా” అని రాశాననుకోండి. లెక్క సరిపోయింది. ‘నిన్నటి’ అంటే ఒక గురువు, రెండు లఘువులు, ‘తానన’ కూడా అంతే. ఛందస్సు పుస్తకం తీసి చూసినా తప్పు పట్టలేరు. కానీ ట్యూన్‌లో మొదటి ‘తా’ మీద ఒక జారు ఉంది, పై స్వరం నుంచి కిందికి మెల్లగా జారాలి. ‘నిన్’ దగ్గర ఆ జారు ఎక్కడ పట్టాలి? ద్విత్వం గొంతుని టక్కున ఆపేస్తుంది. ట్రాక్ పాడే అమ్మాయి రెండుసార్లు ప్రయత్నించి మన మొహం వంక చూస్తుంది. అప్పుడు “రాతిరి నవ్వులు దాచినా” అని మార్చాలి. లెక్క అదే, కానీ ‘రా’ మీద దీర్ఘం ఉంది, జారడానికి చోటు దొరికింది. ఛందస్సులో రెండూ గురువులే, గొంతులో మాత్రం ఒకటి కాదు. అర్థం మారింది కదా అంటారేమో, మారింది. నిన్న కాస్తా రాత్రి అయింది. పాట రాయడమంటే ఇలాంటి బేరాలు ఆడుతూ ఉండటమే, కొన్నిసార్లు బేరంలో మనకే లాభం వస్తుంది కూడా.

ఇంకోటి. లైను చివర సాగదీసే స్వరం ఉంటే అక్కడ ‘ఆ’ గానీ ‘ఓ’ గానీ వచ్చేలా చూడండి. పై స్థాయిలో ‘ఈ’ పట్టమంటే చాలామంది గొంతు బిగుసుకుపోతుంది. ఈ విషయంలో తెలుగు పుణ్యం చేసుకుంది, మన మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. ఇంగ్లీషులో రాసేవాళ్ళకి ఈ సుఖం లేదు.

కాబట్టి నా సలహా: మొదటి రెండు మూడు పాటలకి ట్యూనే ముందు చేయండి. కవికి కష్టంగా ఉంటుంది, కోపం కూడా వస్తుంది. అయినా సరే. కవిత ముందు పెట్టుకుంటే ఆయన ఒక్క అక్షరం కూడా వదులుకోరు, మీరు ట్యూన్‌ని సాగదీసి, వంచి, చివరికి అది ఎవరూ పాడుకోలేని వస్తువైపోతుంది.

ఆ పాట నిజంగా రాసిందెవరు?

తెర మీద ఇద్దరు రాసినట్టు చూపించిన ఆ ప్రధాన పాట అసలు రాసింది ఆడమ్ ష్లెసింజర్. ఫౌంటెన్స్ ఆఫ్ వేన్ అనే బ్యాండు మనిషి. 1996లో టామ్ హాంక్స్ తీసిన ‘దట్ థింగ్ యూ డూ’ సినిమాకి పేరుపాట కూడా ఆయనదే, దానికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ఆయన పనితనం నాకు ఎందుకు ఇష్టమో చెప్తాను. మామూలు సినిమా పాట బాగుంటే చాలు. ఇలాంటి కథల్లో పాట ‘హిట్ అయింది’ అని పాత్రలు అంటాయి, చూసేవాడు దాన్ని నమ్మాలి. పైగా అదే పాట ముక్కలు ముక్కలుగా, తప్పులతో, డెమోగా, చివర్లో స్టేజి మీద, ఇన్నిసార్లు వినిపిస్తుంది. ప్రేక్షకుడికి విసుగు రాకూడదు. 1996 సినిమాలో అయితే అది 1964 నాటి పాటలా కూడా ఉండాలి. ఇంత ఇరుకులో రాయడం పెద్ద విద్య. మన దగ్గర సంగీతం నేపథ్యంగా తీసిన కొన్ని సినిమాలు పడిపోవడానికి కారణం ఇదే అనుకుంటాను, హీరో పాటకి తెర మీద జనం చప్పట్లు కొడుతుంటారు, హాల్లో మనం మాత్రం ఫోన్ చూసుకుంటుంటాం. ష్లెసింజర్ 2020 ఏప్రిల్‌లో కోవిడ్‌తో పోయారు, 52 ఏళ్ళే. అన్నట్టు హ్యూ గ్రాంట్ ఆ సినిమాలో తన పాటలు తనే పాడుకున్నాడు. గొప్ప గొంతేమీ కాదు, ఆ పాత్రకి అదే సరిపోయింది.

పాట మీద హక్కు ఎవరిది?

సినిమాలో అసలు గొడవ ప్రేమ గురించి కాదు. కోరా ఆ మెత్తటి పాటని తీసుకెళ్ళి, మన దేశపు వాసన పులిమిన ఒక శృంగార డాన్స్ నంబర్‌గా మార్చేస్తుంది. (మనకి చూస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.) సోఫీ అడ్డం తిరుగుతుంది. అలెక్స్ “ఊరుకో, పని కానీ” అంటాడు.

సిట్టింగ్ రూముల్లో నేను రోజూ చూసే గొడవ ఇదే. చట్టం మాటకొస్తే అమెరికాలో సోఫీకే బలం ఉంది. ఒక పాట తొలిసారి రికార్డయి విడుదల కావాలంటే రాసినవాళ్ళ అనుమతి కావాలి. ఒకసారి విడుదలయ్యాకే, నిర్ణీత రుసుము కట్టి ఇంకెవరైనా పాడుకోవచ్చు. అప్పుడు కూడా తమ శైలికి తగ్గట్టు మలుచుకోవచ్చు గానీ పాట మూల స్వరూపం మార్చకూడదు. అంటే ఆమె గట్టిగా నిలబడి ఉంటే కోరా ఏమీ చేయలేదు. కానీ ఇరవై ఏళ్ళు ఖాళీగా కూర్చున్నవాడు హక్కుల గురించి మాట్లాడతాడా? మాట్లాడడు. అలెక్స్ పాత్ర అక్కడ నూటికి నూరుపాళ్ళు నిజం.

మన దగ్గర 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక పాట రాసినవాళ్ళకి, ట్యూన్ కట్టినవాళ్ళకి రాయల్టీ హక్కు వచ్చింది. థియేటర్లో సినిమాతో పాటు ఆడే సందర్భం తప్ప మిగతా వాడకాలకి వాటా రావాలి, ఆ హక్కుని వారసులకో కాపీరైట్ సంఘానికో తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి వీల్లేదు. అది వసూలు చేసి పంచేది ఐపీఆర్ఎస్ (ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ), 1969 నుంచి ఉన్న సంస్థ. మీది సినిమా పాట కాకపోయినా మీకూ వర్తిస్తుంది. ఇద్దరూ సభ్యులుగా చేరండి. అంతకంటే ముందు, పాట బయటికి వెళ్ళకముందే ట్యూన్ ఎవరిది, మాట ఎవరిది, వాటా ఎంత అనేది ఒక వాట్సాప్ మెసేజ్‌లోనైనా రాసుకోండి. స్నేహితుల మధ్య ఇదేంటని మొహమాటపడకండి. నాకు తెలిసిన ఒక జంట పాతికేళ్ళ స్నేహితులు. ఒక భక్తి పాట యూట్యూబ్‌లో బాగా పోయాక మాట్లాడుకోవడం మానేశారు. వచ్చిన డబ్బు పెద్దదేం కాదు. డిస్క్రిప్షన్‌లో ఎవరి పేరు ముందుండాలి అన్నదే గొడవ.

ఇక రెండో ఛాన్స్ సంగతి

మీరు గమనించారా, కోరా అలెక్స్‌ని పాడమని పిలవలేదు. ముందు రాయమని పిలిచింది. అతనేమో ఎప్పుడూ స్టేజి కోసమే చూస్తున్నాడు. అవకాశం పక్కగదిలోంచి వచ్చింది. బయట కూడా ఇలాగే జరుగుతుంది.

గ్రెగ్ అలెగ్జాండర్ అని ఒకాయన ఉన్నారు. న్యూ రాడికల్స్ అనే బ్యాండు పెట్టి 1998లో ఒక పాటతో ప్రపంచమంతా వినిపించారు, 1999లో బ్యాండు మూసేశారు. పేరు, తిరుగుడు, ఇంటర్వ్యూలు తన వల్ల కాదని ఇతరులకి రాయడం మొదలుపెట్టారు. ఆయన మళ్ళీ నలుగురి నోళ్ళలో పడింది ఎక్కడో తెలుసా? ‘బిగిన్ అగైన్’ అనే ఇంకో సంగీత ప్రేమకథకి పాటలు రాసి. డానియెల్ బ్రైస్‌బ్వాతో కలిసి రాసిన అందులోని ఒక పాట ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. మీకు ‘మ్యూజిక్ అండ్ లిరిక్స్’ నచ్చితే అది కూడా చూడండి, జాన్ కార్నీ తీశారు. స్టూడియోకి డబ్బులేక న్యూయార్క్ వీధుల్లో, మేడల మీద ఆల్బం రికార్డు చేస్తారు. అందులో ఒక సీన్ ఉంది: బార్‌లో ఒకమ్మాయి గిటార్‌తో ఒంటరిగా పాడుతుంటే, తాగి కూర్చున్న ప్రొడ్యూసర్‌కి ఆ పాట చుట్టూ డ్రమ్స్, చెల్లో, వయొలిన్ ఒక్కొక్కటే వాటంతటవే వాయిస్తున్నట్టు కనిపిస్తాయి. అరేంజ్‌మెంట్ చేసేవాళ్ళ బుర్రలో జరిగేది అచ్చం అదే. ప్రేమకథగా మొదటిదే సరదాగా ఉంటుంది. పని చూపించడంలో నా ఓటు రెండోదానికి.

మన దగ్గరి మనిషి కావాలంటే ఎమ్.ఎస్. రామారావు గారు. 1940ల్లో, 50ల్లో తెలుగు సినిమాల్లో నేపథ్య గాయకులు. తర్వాత అవకాశాలు తగ్గి, మద్రాసు వదిలి రాజమండ్రి చేరారు. సినిమా లెక్కలో ఆయన కథ అక్కడితో అయిపోయింది. కానీ ఈరోజు తెలుగువాళ్ళు ఆయన్ని గుర్తుపెట్టుకున్నది ఆ సినిమా పాటలతో కాదు, ఆ తర్వాత తనే రాసి తనే పాడిన సుందరకాండతో. గుడి మైకులో పొద్దున్నే ఆ గొంతు వినని ఊరు ఆంధ్రలో తక్కువ. ఆయనకి రెండో ఛాన్స్ ఏ నిర్మాతా ఇవ్వలేదు.

వేటూరి గారిది ఛాన్స్ రెండోది కాదుగానీ ఆలస్యంగా వచ్చింది. పత్రికల్లో పనిచేసి, 1974లో ‘ఓ సీత కథ’కి రాసేటప్పటికి ఆయనకి ముప్ఫై ఎనిమిదేళ్ళు. మీకు నలభై అంటే నాకేం కంగారు లేదు.

నేను దగ్గర్నుంచి చూసినది ఒకటి చెప్తాను, పేరు వద్దు. గోదావరి జిల్లాల్లో పెళ్ళిళ్ళకీ తీర్థాలకీ వాయించే ఆర్కెస్ట్రాలో ఒక కీబోర్డు మాస్టారు ఉండేవారు. ముందే రికార్డు చేసిన ట్రాక్‌లు వచ్చాక పెన్‌డ్రైవ్ పెట్టి పాడేసుకోవడం మొదలైంది, బృందాలు విడిపోయాయి. ఆయన మొబైల్ రీచార్జ్ షాపు పెట్టుకున్నారు. చాలా ఏళ్ళ తర్వాత హైదరాబాద్‌లో కంప్యూటర్ మీద సంగీతం కట్టే ఒక కుర్ర మ్యూజిక్ ప్రోగ్రామర్‌కి ఎనభైల నాటి తెలుగు పాటలా వినిపించే బిట్ కావాల్సి వచ్చింది. అబ్బాయి దగ్గర లేని సాఫ్ట్‌వేర్ లేదు. సౌండ్ దొరుకుతోంది, వరుస దొరకట్లేదు. ఎవరో చెబితే మాస్టారికి ఫోన్ చేశాడు. ఆయన షాపులోంచే, నోటితోనే, పల్లవి తర్వాత వయొలిన్లు ఎలా వెళ్ళేవి, ఫ్లూట్ ఎక్కడ అందుకునేది, తబలా ఏ మాత్ర దగ్గర తగ్గేది అన్నీ పాడి వినిపించారు. మధ్యలో ఎవరో వచ్చి నూట తొంభై తొమ్మిది రీచార్జ్ చెయ్యమంటే “ఒక్క నిమిషం బాబూ” అనడం కూడా ఆ రికార్డింగ్‌లో ఉంది. ఇప్పుడు ఆయన ఆ అబ్బాయికి రెగ్యులర్‌గా పనిచేస్తున్నారు. స్టేజి ఎక్కలేదు, కట్టవుట్లు లేవు. ఆయనకి ఆ పిలుపు రావడానికి కారణం పాతికేళ్ళ కిందటి వాయిద్యం ఇంకా చేతిలో ఉండటం కాదు, చెవిలో ఉండటం.

అందుకే మీ విషయంలో కూడా చేతివేళ్ళు మొద్దుబారాయని బెంగపడొద్దు. వేళ్ళు నెల రెండు నెలల్లో దారికొస్తాయి. ఆర్కెస్ట్రాలో నేర్చుకున్న ఇంకో విద్య ఉంటుంది: పాట మధ్యలో గాయకుడు శ్రుతి మార్చేస్తే వెనకాలే పరిగెత్తడం, జనం ఎక్కడ విసుగుపడతారో ముందే పసిగట్టడం. ఇంట్లో లాప్‌టాప్ మీద నేర్చుకున్న పిల్లలకి అది ఉండదు. మీ సరుకు అది.

కలిసి పాట రాస్తే ప్రేమ పుడుతుందా? మీరు సరదాకి అడిగారు, నేనూ సరదాగానే చెప్తాను. రాత్రి రెండింటికి, నాలుగో టీ కూడా అయిపోయి, “ఆ మాట తీసెయ్” “ఎందుకు తీసెయ్యాలి” అనుకునేటప్పుడు పుట్టేది ప్రేమ మాత్రం కాదు. అయితే ఒకటి నిజం. ఎదుటి మనిషి ఏ మాటకి సిగ్గుపడతాడో, దేనికి భయపడతాడో పాట రాసేటప్పుడు బయటపడినంతగా పదేళ్ళ పరిచయంలో కూడా బయటపడదు. సోఫీకి రాయడం ఆగిపోయింది ఎందుకంటే ఆమె ప్రేమించిన రచయిత ఆమెనే చెడ్డదానిగా పెట్టి నవల రాసేశాడు. ఆ సంగతి అలెక్స్‌కి తెలిశాకే పాట ముందుకి కదిలింది. మీ ఫ్రెండ్ ఎందుకు రాయలేకపోతున్నారో తెలుసుకోవాల్సి వస్తే, ఓపికగా వినండి. “టైం లేదు, లైను చెప్పు” అనకండి.

ఇక పని మొదలుపెట్టే పద్ధతి. వారానికి ఒక సిట్టింగ్, ఒక్కో పాటకి నాలుగు సిట్టింగ్‌ల కంటే ఎక్కువ వద్దు. మొదటిదానిలో సందర్భం తేల్చండి, పల్లవి ట్యూన్ ఫోన్‌లో రికార్డు చేయండి. రెండోదానికి ఆయన కనీసం మూడు పల్లవులు తేవాలి, ఒక్కటి తెస్తే దాన్నే పట్టుకుని వేలాడతారు. మూడోసారి చరణాలు. నాలుగోసారి మీ ఇద్దరిలో ఎవరూ పాడకండి, మూడో మనిషి ఎవరైనా చూసి పాడాలి. ఇంట్లో పాడే పిల్లలుంటే వాళ్ళు చాలు. ఎక్కడ తడబడ్డారో అక్కడ మాట మార్చండి. “నువ్వు సరిగ్గా పాడట్లేదు” అని పిల్లల మీద పడొద్దు. నాలుగు సిట్టింగ్‌లకి తెమలకపోతే పక్కనపెట్టి రెండోది మొదలుపెట్టండి. ఆగిపోయిన పాటలో బాగున్న ముక్క ఇంకో పాటలోకి ఎలాగూ వచ్చి చేరుతుంది.

ఆయన ఇప్పటికే రాసిన కవితల్ని ఏం చేయాలని కూడా అడిగారు కదా. పుస్తకం మొత్తం చదవండి, ఒక్కో కవితలోంచి నోటితో అనుకోవడానికి హాయిగా ఉన్న ఒకే ఒక్క లైను ఏరండి. అది హుక్ లైన్. మిగతా కవిత పుస్తకంలోనే ఉంటుంది, దానికేమీ నష్టం లేదు. ఆయన ఒప్పుకోకపోతే పైన రాసిన ‘నిన్నటి’, ‘రాతిరి’ ముక్క పాడి వినిపించండి. మొదటి పాట అయ్యాక ఆ ఆడియో ఇక్కడ పెడితే వింటాను. మిక్సింగ్ అక్కర్లేదు, ఫోన్ రికార్డింగ్ చాలు.